సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్: రెండు రోజులు సరిపోతాయా?

గోల్కొండ బోగీ:
జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో మా బావమరిది దగ్గరికి వెళ్తున్నాను. సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న ఓల్డ్ కోర్స్ గోల్ఫ్ మైదానంలో ఒక్క రౌండ్ ఆడాలని ఎప్పటినుంచో ఉంది. నా హ్యాండికాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) 19, వాడిది 22. శుక్రవారం రాత్రి చేరి ఆదివారం సాయంత్రం తిరిగి రావాలని ప్లాన్. ఏజెంటు ఒకాయన చెప్పిన ప్యాకేజీ రేటు వింటే కళ్లు తిరిగాయి. మనమే బుక్ చేసుకోలేమా? నాకు మోకాలి నొప్పి ఉంది, బగ్గీ (మైదానంలో తిరిగే చిన్న బండి) ఇస్తారా?

ఫైఫ్ గాలి:
ముందు ఆ శని, ఆదివారాల ప్లాన్ మార్చండి. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, ఊరి జనం కుక్కల్ని తీసుకుని ఫెయిర్‌వే (ఆడే పచ్చిక దారి) మీద షికారు చేస్తారు. అంటే మీకు మిగిలేది ఒక్క శనివారం. ఏజెంటు అక్కర్లేదు, రోజూ లాటరీ తీస్తారు, బ్యాలట్ అంటారు దాన్ని. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 లోపు ఆన్‌లైన్‌లో పేర్లివ్వాలి, ఇద్దరి నుంచి నలుగురి దాకా కలిసి ఇవ్వొచ్చు, సాయంత్రానికి తెలిసిపోతుంది. సీజన్‌లో ఫీజే మనిషికి 300 పౌండ్లు దాటింది, కేడీ (కర్రల సంచి మోస్తూ సలహా ఇచ్చే మనిషి) ఖర్చు వేరే. హ్యాండికాప్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు. మామూలుగా బగ్గీ ఇవ్వరు, నడవాల్సిందే. కానీ మన దగ్గర ఎండలో నడిచినట్టు ఉండదు లెండి.

వైజాగ్ స్లైస్:
నేను రెండేళ్ల క్రితం ఆడాను. మా వైజాగ్ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో సముద్రపు గాలి అలవాటే కదా అని ధీమాగా వెళ్లాను, మూడో హోల్‌కే ఆ ధీమా దిగిపోయింది. అసలు నేలే వేరండీ, కింద ఇసుక, పైన పొట్టి గడ్డి, బంతి పడ్డాక కూడా దొర్లుతూనే ఉంటుంది. గ్రీన్‌కి (గుంట, జెండా ఉండే నున్నటి పచ్చిక) ముప్పై గజాల అవతల నేను వెడ్జ్ (బంతిని పైకి లేపే కర్ర) తీస్తే కేడీ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా అది లాక్కుని పుటర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) చేతిలో పెట్టాడు. ఆ గుట్టలెక్కి దిగి బంతి జెండాకి ఆరడుగుల్లో ఆగింది. వెళ్లే ముందు ఒక నెల దూరం నుంచి పుటర్‌తో కొట్టడం ప్రాక్టీస్ చేయండి, పైకి లేపి కొట్టే షాట్ల కంటే అదే పనికొస్తుంది. ఇంకోటి, గ్రీన్లు చాలావరకు రెండు హోల్స్‌కి ఒకటే, 2వ హోల్‌కి 16వది, 5వ దానికి 13వది, అలా ఆ రెండు నంబర్లూ కూడితే 18 వస్తుంది. వెళ్లేటప్పుడు (మొదటి తొమ్మిది హోల్స్) తెల్ల జెండా, తిరిగి వచ్చేటప్పుడు ఎర్ర జెండా, 18వది మాత్రం మళ్లీ తెల్లదే. నేను ఒకసారి తప్పు జెండాకి గురిపెట్టి కొట్టాను, ఎంత దూరం నుంచి పుట్ చేయాల్సొచ్చిందో అడక్కండి.

న్యూ కోర్సే దిక్కు:
నాలుగు రోజులు వరసగా బ్యాలట్ వేశాం, ఒక్కసారీ తగల్లేదు. ఇదీ జరుగుతుంది, మనసులో పెట్టుకోండి. పక్కనే ఉన్న న్యూ కోర్స్‌లో ఆడాం, పేరుకే న్యూ, 1895 నాటిది, అదీ పక్కా లింక్స్ (సముద్రతీరపు ఇసుక నేల మీది కోర్స్), అదే గాలి, అవే పసుప్పచ్చ పూల ముళ్లపొదలు (బంతి వాటిలో పడితే వెతక్కండి, చేతులు గీరుకుపోతాయి). దాన్ని ముందే బుక్ చేసి పెట్టుకుని ఓల్డ్ కోసం రోజూ పేరివ్వండి. ఆదివారం ఊళ్లో ఉంటే ఓల్డ్ కోర్స్‌లోని పాత రాతి వంతెన, స్విల్కన్ వంతెన మీద తీరిగ్గా ఫోటో దిగొచ్చు. ఇంట్లోవాళ్లు వస్తే హిమాలయాస్ అని గుట్టలు గుట్టలుగా ఒక పుటింగ్ గ్రీన్ ఉంది, కొన్ని పౌండ్లే, మా ఆవిడ అక్కడ నన్ను చిత్తుగా ఓడించింది.

గోల్కొండ బోగీ:
అందరికీ థాంక్స్. ఆదివారం వెళ్లి బుధవారం దాకా ఉండేలా మార్చేశాను. ఎడిన్‌బరో నుంచి రైలుంటుందా?

ఫైఫ్ గాలి:
ల్యూకర్స్‌లో దిగండి, దాదాపు గంట. స్టేషన్ బయటే బస్సు ఉంటుంది. మీరు ఊళ్లోకి వచ్చేది ఆదివారమే అయినా, సోమవారానికి బ్యాలట్ శనివారం మధ్యాహ్నం 2 లోపే వేయాలి, ఎడిన్‌బరోలో ఉండగానే వేసేయండి.

గోల్కొండ బోగీ:
అయ్యో, అది నిజంగా మర్చిపోయేవాణ్ని. ఫోన్‌లో అలారం పెట్టేశాను, బావమరిది ఫోన్‌లో కూడా.