కల్పిత లోకానికి యక్షులూ నాగులూ చాలరా, కొత్త జాతిని పుట్టించాలా?

నల్లరేగడి:
రెండేళ్లుగా రాస్తున్న ఒక అద్భుతకథా నవల మూడో ప్రతి దగ్గర ఆగిపోయింది. ఆగడానికి కారణం కథ కాదు, అందులోని ఒక జాతి. సముద్రపు ఒడ్డున ఇసుకలో పెట్టిన గుడ్లలోంచి పుట్టే మనుషులవంటి జీవులను నేను ‘తిన్నెవారు’ అని పిలుచుకున్నాను. ఆ ప్రతిని చదివిన ఒక మిత్రుడు, “నాగులు అంటే సరిపోయేదానికి ఇంత తంటా ఎందుకు?” అన్నాడు. కొత్త లోకం రాయదలచినవాడు పాత పేర్లతో పని జరుపుకోకూడదని నా అభిప్రాయం, కాని ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మూడో అధ్యాయంలోని నాలుగు మాటలు ఇక్కడ పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

“ఇసుక చల్లబడకముందే ఆమె గుడ్లను పైకి తీసి మరొకసారి లెక్కపెట్టుకుని, తిరిగి కప్పి, ఎప్పటిలాగే జోలపాట అందుకుంది. లోపల కొడుకు కదిలినట్టు తోచింది.”

పాతసంచిక:
ఈ తగవు మన సాహిత్యానికి కొత్తది కాదు. వసుచరిత్ర కావ్యపు అవతారికలో, అంటే పీఠికలో, రామరాజభూషణుడు దీనికి తీర్పు కూడా చెప్పాడు. కేవలం కల్పించిన కథలు కృత్రిమ రత్నాలని, ప్రాచీన సత్కథలు గనిలో పుట్టిన రత్నాలని, మంచి కవి కల్పనతో అలంకరించిన ప్రాచీన కథలు సానపట్టిన జాతిరత్నాలని ఆయన మాట. యక్షుడు అన్న ఒక్క మాట రాస్తే చాలు, అలకాపురి, నిధులు, శాపం, కుబేరుడి కొలువు అన్నీ పాఠకుడి మనసులోకి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ‘తిన్నెవారు’ అని రాస్తే అవన్నీ మీరే మోసుకురావాలి, అది కూడా పాఠకుడికి విసుగు పుట్టకముందే. చందమామ సీరియల్స్‌తో పెరిగిన మాలాంటివారికి మాంత్రికుడు, యక్షిణి, రాకాసి అన్న పేర్లే లోకానికి తలుపులు. మీ మిత్రుడు చెప్పిందే సబబు.

గోదారిగట్టు:
పాతసంచిక గారు రామరాజభూషణుణ్ణి పిలిచారు కాబట్టి, నేను అదే 16వ శతాబ్దపు పింగళి సూరనను పిలవక తప్పదు. కళాపూర్ణోదయం కథకు పురాణంలో మూలం లేదు. సరస్వతిని రంజింపజేయడానికి బ్రహ్మ అప్పటికప్పుడు అల్లిన కథే లోకంలో నిజమై జరగడం దాని కీలకం. కల్పన మీద అంత ధీమాతో రాసిన కావ్యాలు తక్కువ. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అందులోనూ ద్వారక ఉంది, నారదుడు ఉన్నాడు, మణికంధరుడు గంధర్వుడు. కథ కొత్తది, జనాభా పాతది.

పాత పేరు తెచ్చే సౌకర్యంతోపాటు దాని బరువు కూడా వస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ‘రాక్షసుడు’ అని రాసిన మరుక్షణం పాఠకుడు తీర్పు చెప్పేస్తాడు. పుట్టుకతోనే చెడ్డదైన జాతి అంటూ ఒకటి ఉంటుందని మన కథ మనకు తెలియకుండానే ఒప్పుకుంటుంది. విభీషణుణ్ణి మనం మెచ్చుకునే తీరు చూడండి, ఆ కులంలో పుట్టి కూడా మంచివాడయ్యాడని కదా మెచ్చుకుంటాం.

పడమటివారి అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ ఎల్ఫులను, మరుగుజ్జు జాతిని ఉత్తర ఐరోపా గాథల నుంచి తీసుకున్నాడు, మరుగుజ్జుల పేర్లలో చాలా వరకు ఒక ప్రాచీన నార్స్ కవితలోవే. హాబిట్ అనే పొట్టివారి జాతి మాత్రం ఆయన సొంత కల్పన. 1974లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఆ పేరు వాడుకుని, హక్కుల అభ్యంతరం వచ్చాక తర్వాతి ముద్రణల్లో ‘హాఫ్లింగ్’ అని మార్చుకోవలసి వచ్చింది. ఎల్ఫు అన్న పేరు మాత్రం ఆటలో అలాగే నిలిచింది, ఎందుకంటే అది ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తుతో ఇల్లు కట్టుకోవచ్చు, కాని జనం రచయితను గుర్తుపెట్టుకునేది సొంతంగా తవ్విన బావిని బట్టే.

సరుగుడుతోట:
పేరు సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఆ నాలుగు మాటల్లోనే చిక్కు కనిపిస్తోంది. నేను ఉత్తరాంధ్ర తీరంలో కొన్ని సీజన్లుగా ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే పనికి స్వచ్ఛందంగా వెళ్తున్నాను. రాత్రిపూట తాబేలు ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, ఇంచుమించు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గూటి వైపు తిరిగి చూడదు. మేము ఆ గుడ్లను కంచె వేసిన చోటికి మార్చాలంటే కొద్ది గంటల్లోనే మార్చాలి. ఆలస్యమయ్యాక గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే గుడ్డు పట్టుకున్నప్పుడు మేము ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటాం. మీ నాయిక మాత్రం రోజూ గుడ్లు పైకి తీసి లెక్కపెడుతోంది!

దీనికన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. తాబేలు పిల్ల ఆడదో మగదో తల్లిదండ్రుల నుంచి వచ్చిన క్రోమోజోములు నిర్ణయించవు, ఇసుక వేడి నిర్ణయిస్తుంది. సుమారు 30 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఒక గీత ఉంటుంది. ఇసుక అంతకన్నా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువవుతాయి, చల్లబడితే మగపిల్లలు ఎక్కువవుతాయి. గుడ్డు పొదిగే 45 నుంచి 60 రోజుల్లో నడిమి భాగంలోనే అది తేలుతుంది. మీ తిన్నెవారు నిజంగా ఇసుకలో పుట్టేవారైతే, ఎండలు మండిన ఏడాది ఆ ఊళ్లో మగపిల్లవాడే పుట్టకపోవచ్చు. ఆస్తి ఎవరికి వెళ్తుంది? తడికె నీడ వేసే హక్కు ఎవరి చేతిలో ఉంటే, రాబోయే తరంలో ఎవరు ఎంతమంది ఉండాలో వారి చేతిలోనే ఉన్నట్టు కదా? ఇవేవీ లేకుండా పొలుసులు, పచ్చని కళ్లు మాత్రం పెట్టి లోపల మన పక్కింటి తల్లినే కూర్చోబెడితే, అది కొత్త జాతి కాదు, వేషం. ఆ జోలపాట ఎందుకు? వినేవారెవరు?

నల్లరేగడి:
సరుగుడుతోట గారూ, దెబ్బ గట్టిగానే తగిలింది. పొలుసుల గురించి ఆరు పేజీలు రాసి, నీడ గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదని ఇప్పుడే గమనించాను.

నిఘంటువు:
ఆ ‘కొడుకు’ అన్న మాట కూడా పోవాలి, ఆడో మగో ఇంకా ఇసుకే తేల్చలేదు కాబట్టి. కాని తెలుగులో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. మన భాషలో క్రియ రాయగానే జీవిని ఒక వర్గంలో వేసేస్తాం. ‘వచ్చాడు’ అంటే పురుషుడు. ‘వచ్చింది’ అంటే ఆమె కావచ్చు, ఆవు కావచ్చు, ఎర్రబస్సు కావచ్చు. చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పే మహత్తు (పురుషులను చెప్పే మాటలు), అమహత్తు (పశుపక్ష్యాదులు, వస్తువులు) విభజనలో స్త్రీ ఏకవచనంలో వస్తువులతోను, బహువచనంలో మనుషులతోను నడుస్తుంది. ఇంగ్లీషులో రాసిన అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్, స్థిరమైన లింగం లేని ఒక జాతి గురించి 1969లో వచ్చిన నవలలో అందరినీ ‘అతడు’ అనే రాసి, ఆ నిర్ణయాన్ని తర్వాత తానే తప్పుపట్టుకున్నారు. ఆమెకు సర్వనామంతోనే తంటా, మనకు ప్రతి వాక్యం చివరా తంటాయే.

అయితే ఈ తంటాలోనే ఒక లాభం కూడా ఉంది. ఏ బిడ్డనైనా మనం ‘బిడ్డ ఏడ్చింది’ అనే అంటాం, ‘పెద్దలు అన్నారు’ అన్నప్పుడు ఆ పెద్ద ఆడో మగో చెప్పనవసరం లేదు. లెక్కల మాట చూడండి. గుడ్లు అయితే నూట నాలుగు, మనుషులు అయితే నూట నలుగురు. మీ తిన్నెవారు గుడ్లను ‘నలుగురు’ అని లెక్కపెట్టారనుకోండి, వారి దృష్టిలో గుడ్డు అప్పటికే మనిషని పాఠకుడికి ఒక్క ప్రత్యయంతో అర్థమవుతుంది, వివరణ అక్కరలేదు. గొంతు దిగని హల్లులు గుచ్చి పేర్లు పెట్టేవారు ఈ సదుపాయాన్ని ఎందుకు వదులుకుంటారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

నల్లరేగడి:
రాత్రి కూర్చుని మళ్లీ రాశాను.

“ఎండ తగ్గలేదు. తడికె నీడ చాలదని తెలిసి కూడా పెద్దతిన్నె కదలలేదు. ‘ఇసుకలో నూట నలుగురు ఉన్నారు,’ అన్నారు. అందరూ ఆడపిల్లలే అవుతారని ఎవరూ పైకి అనలేదు.”

పాతసంచిక:
‘నూట నలుగురు’ దగ్గర నేను ఆగి రెండోసారి చదివాను, దాచుకోను. అయినా నా వాదం విడిచిపెట్టడం లేదు. గుడ్డులోంచి పుట్టే జాతి మీరు కనిపెట్టిందేమీ కాదు. మహాభారతం ఆదిపర్వంలో కద్రువకు వేయి గుడ్లు, వినతకు రెండు. వెచ్చని పాత్రల్లో ఐదువందల ఏళ్లు ఉంచాక కద్రువ గుడ్లు చిట్లి నాగులు పుట్టారు. వినత ఓర్చుకోలేక ఒక గుడ్డును పగలగొడితే, తొడలు ఏర్పడని అనూరుడు బయటికి వచ్చి తల్లిని దాసివి కమ్మని శపించాడు. వెచ్చదనం, ఎదురుచూపు, గుడ్డును కదిపితే జరిగే అనర్థం అన్నీ అక్కడ ఉన్నాయి. సరుగుడుతోట గారు కంచెలో చూసిందే వ్యాసుడు ఇంకో పేరుతో చూశాడు.

సరుగుడుతోట:
ఇది మాత్రం నాకు తట్టలేదు. ఈసారి కంచె దగ్గర మావాళ్లకు చెప్తాను.

నల్లరేగడి:
పాతసంచిక గారూ, వినత తొందరను అప్పు తీసుకుంటాను. తడికె కింద చేయి పెట్టి, గడువు రాకముందే ఒక గుడ్డును పగలగొట్టే మనిషి నా ఐదో అధ్యాయానికి కావాలని ఇప్పుడే తెలిసింది. పేరు మాత్రం తీసుకోను. నాగులని రాశానంటే పాఠకుడు మొదటి పేజీ నుంచే గరుత్మంతుడి కోసం పైకి చూస్తాడు. నా నవలలో పైనుంచి వచ్చేది ఎండ ఒక్కటే.