పాసౌట్, డౌట్, రివర్ట్: అమెరికాకు రాసే ఉత్తరంలో వాడవచ్చా?

ప్రశ్న:
మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేస్తూ, అక్కడి ప్రొఫెసర్‌కు పంపబోయే ఈమెయిలును నాకు చూపించింది. తాను 2023లో ఇంజనీరింగ్ ‘పాసౌట్’ అయ్యానని, ఆయన పరిశోధనా వ్యాసంపై ఒక ‘డౌట్’ ఉందని, వీలు చూసుకొని ‘రివర్ట్’ కావలసిందని అందులో రాసింది. మన కళాశాలల్లోనూ ఆఫీసుల్లోనూ అందరూ వాడే మాటలే కనుక తప్పని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అక్కడివారు వీటిని ఏ అర్థంలో తీసుకుంటారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
అన్నిటికన్నా ముందు మార్చవలసినది డౌట్ అండీ. తెలుగులో సందేహమనే మాట తెలియనిది అడగడానికీ, నమ్మకం కుదరకపోవడానికీ రెండింటికీ చెల్లుతుంది. ‘సందేహాలుంటే అడగండి’ అని మాస్టారు అన్నప్పుడు అందులో అపనమ్మకం ప్రసక్తే లేదు. ఆ అలవాటుతోనే మనం డౌట్ అంటాం. అమెరికాలో ఆ మాటకు ప్రధానార్థం నమ్మలేకపోవడమే కనుక, ‘మీ వ్యాసంపై డౌట్ ఉంది’ అని చదివిన ప్రొఫెసర్, తన ఫలితాలనే ఈ విద్యార్థిని శంకిస్తోందని అనుకునే ప్రమాదం ఉంది. క్వశ్చన్ అని రాస్తే సరిపోతుంది.

ఇక పాసౌట్ అంటే వారికి మొదట తోచేది స్పృహ తప్పడం. సైనిక శిక్షణ ముగించుకోవడాన్ని బ్రిటిష్ వారు కూడా ఆ మాటతోనే చెబుతారు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో జరిగే పాసింగ్ అవుట్ పరేడ్‌లో ఉన్నది ఆ అర్థమే. డిగ్రీకి గ్రాడ్యుయేట్ అన్న క్రియను వాడమనండి.

రెండవ జవాబు:
రివర్ట్‌కు అసలు అర్థం పూర్వస్థితికి తిరిగి వెళ్లడం. వికీపీడియాలో ఒకరు చేసిన మార్పును తీసివేసి పాత పాఠాన్ని నిలపడాన్ని అలాగే అంటారు. ఉత్తరంలో రిప్లై అని రాయడం మేలు.

అయితే ఇవన్నీ తప్పులని మాత్రం అమ్మాయికి చెప్పవద్దని నా మనవి. అనుకున్న సమయం కన్నా ముందుకు జరపడమనే అర్థంలో మన దేశంలో విరివిగా వాడే ప్రీపోన్‌కు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే చోటు దక్కింది. బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోర్ అంటే మనకులాగే నేల అంతస్తుకు పైది. అమెరికాలో చాలాచోట్ల నేల అంతస్తునే అలా అంటారు. అంతమాత్రాన ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. చెన్నైలోని ఆఫీసుకు రాసే ఉత్తరంలో ‘రివర్ట్’ ఎవరినీ తికమక పెట్టదు. ఈ ఉత్తరం చదివేది అమెరికన్ కాబట్టే మార్చమంటున్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉత్తరం చివర, వచ్చే వారం తాను ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ ఉంటానని కూడా రాసింది. దాన్ని ఉంచవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అవుట్ ఆఫ్ టౌన్ అని మార్చమనండి. బ్రిటిష్ పాలనలో అధికారులు ఉద్యోగరీత్యా నివసించే ఊరిని స్టేషన్ అనేవారు. మన వాడుక అక్కడి నుంచి వచ్చింది. అమెరికన్ పాఠకుడికి స్టేషన్ అనగానే రైలో బస్సో గుర్తుకు వస్తుంది.