పెద్దవాళ్ల జ్ఞాపకాలు పేపరుతో కలవడం లేదు, ఉత్సవంలో పెట్టవచ్చా?

గ్రంథాలయం పిట్ట:
మా గ్రంథాలయంలో చిన్న హ్యుమానిటీస్ ఉత్సవం పెట్టుకుంటున్నాం. చరిత్ర, సాహిత్యం, కాస్త తత్వం. ఈసారి అంశం: మన కళ్ల ముందే సమాజమూ రాజకీయమూ ఎలా మారాయి. ఒక గదిలో పాత మిల్లు సమ్మె గురించి పెద్దవాళ్ల మాటలు వినిపిద్దామని రికార్డు చేశాం. చిక్కంతా అక్కడే. పోలీసులు సమ్మె మొదలైన రోజే విరుచుకుపడ్డారని ఒకాయన, కాదు, మిల్లు మూసేశాక అని ఇంకొకావిడ. ఇద్దరూ అక్కడ ఉన్నవాళ్లే! ఆనాటి పేపరు ఆయన మాటకే సరిపోతోంది. ఆవిడది తీసేద్దాం, జనం నవ్వుతారు అంటున్నారు కమిటీలో సగం మంది. మిగతా సగానికి సమ్మె ఊసెత్తితేనే టెన్షన్, పార్టీలవాళ్లు వచ్చి కూర్చుంటారని. తీయకూడదని నా మనసుకు తెలుస్తోంది కానీ ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నాను.

పాత టేపులు:
తీయకండి. కమిటీకి ఇటలీలోని టెర్ని కథ చెప్పండి. అది ఉక్కు కార్ఖానా ఊరు. 1949 మార్చిలో నాటోకు వ్యతిరేకంగా సభకు బయలుదేరిన కార్మికులకూ పోలీసులకూ ఘర్షణ జరిగి, లూయిజి ట్రస్తుల్లి అనే 21 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. చాలా ఏళ్లకు అలెస్సాండ్రో పోర్టెల్లి అనే పరిశోధకుడు వెళ్లి అడిగితే, అతను 1953లో పోయాడని చాలామంది చెప్పారు. ఆ ఏడు కార్ఖానాలో రెండు వేల మందికి పైగా పనులు పోయాయి, వీధుల్లో గొడవలయ్యాయి. కుర్రాడి చావును జనం తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నారు.

మతిమరుపు అని పోర్టెల్లి తోసిపారేయలేదు. తమవాడు ఒక సభ దారిలో ఊరికే పోయాడంటే వాళ్లకు మింగుడుపడలేదు, అప్పుడు తిరగబడలేకపోయామన్న అవమానం ఒకటి. పని కోసం జరిగిన పోరులో పోయాడంటే ఆ చావుకు ఒక అర్థం ఉంది. మీ టేపులో మాట్లాడిన ఆ పెద్దావిడను కూడా అడగండి, మిల్లు మూసిన ఏడాది వాళ్ల ఇంట్లో ఏం జరిగిందని. అసలు కథ అక్కడ ఉండొచ్చు.

లెక్క తప్పనివాడు:
బాగానే ఉంది కానీ, పిల్లలు కూడా వస్తారు కదండీ. గోడ మీద పేపరు కటింగు, తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాల్సిందే. పోర్టెల్లికైనా 1949 అని ఖాయంగా తెలిసింది కాబట్టే 1953 ఎందుకన్నారో అడగగలిగాడు. అన్నీ నిజాలే అని వదిలేస్తే రేపు అబద్ధాలకోరు కూడా అదే గదిలో కుర్చీ వేసుకుంటాడు.

మైకు వద్దు:
పార్టీల భయానికి నా మాట: వేదిక ఎత్తేయండి. మైకు ఉన్నచోటికే ఉపన్యాసం వస్తుంది. డెన్మార్క్‌లో 2000లో రోస్కిల్డే ఉత్సవంలో హ్యూమన్ లైబ్రరీ మొదలుపెట్టారు. అందులో పుస్తకానికి బదులు మనిషిని అరువు తీసుకుని, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. అలా నాలుగైదు బల్లలు వేయండి. సమ్మె మంచిదా చెడ్డదా అని అడిగితే పార్టీ మాట వస్తుంది, ఆ రోజు పొద్దున మీరెక్కడున్నారు అని అడిగితే మనిషి మాట వస్తుంది. బల్ల దగ్గర పదిమంది గుమిగూడకుండా మాత్రం చూసుకోండి, లేకపోతే అదీ సభే.

గ్రంథాలయం పిట్ట:
అందరికీ థాంక్సండి. రెండు గొంతులూ ఉంచి, పక్కన పేపరు కటింగు పెడదామని కమిటీని అడుగుతాను. ఇంకో సందేహం. ఆవిడ తన పేరు వద్దంటున్నారు. పేరు తీసేసి టేపు వేస్తే చాలా?

పాత టేపులు:
చాలదు. తెలిసినవాళ్లు గొంతు ఇట్టే పట్టేస్తారు. ముందు ఆవిడకే టేపు మొత్తం వినిపించండి, వద్దన్న చోట కోసేయండి. అప్పటికీ ఇబ్బందిగా ఉందంటే, ఆవిడ ఒప్పుకున్న మేరకు రాసి వేరేవాళ్లతో చదివించండి. చదివింది వేరే గొంతని అక్కడే ఒక ముక్క రాయండి.