గుట్ట బోడైంది, చెల్కల మన్ను కొట్టుకుపోతుంది: ముందు ఏ పని చెయ్యాలె?

దుబ్బచెల్క అడిగిన ప్రశ్న

దేవరకొండ దిక్కు నాలుగెకరాల ఎర్రచెల్క. కింది నుంచి పైకి 200 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు. వాలు వంద అడుగులకు మూడడుగులు. పైన గుట్ట. దాని మీది చెట్లు పొయ్యిలకు, ఇటుక బట్టీలకు పోయినయి, ఇప్పుడు రాళ్ళే కనబడుతున్నయి. వాన గట్టిగ కొడితే గుట్టనీళ్ళన్నీ చేను మీదికెళ్ళే పోతున్నయి, రెండు చోట్ల గండ్లు పడ్డయి. పై సగంల జానెడు లోతుకే నాగలికి మొరం తగులుతది. ఏండ్లుగ పత్తి మీద పత్తి. బోరు ఫిబ్రవరికే ఆగుతుంది. చేతిల ఉన్న పైసలు ఒక్క పనికే సరిపోతయి. ఇంకో బోరు వెయ్యాల్నా, నీటికుంట తవ్వాల్నా, చెరువు మన్ను తోలాల్నా? మృగశిర కార్తె లోపల ఏది చేస్తే ఫలితం ఉంటది?

గెట్టుపని సమాధానం

అన్నా, ఆ మూడూ తర్వాతి పనులు. ఇప్పుడు మన్ను తోలితే మొదటి గట్టి వానకే అది మళ్ళీ చెరువులో చేరుతుంది. కుంట తవ్వితే రెండేళ్ళలో పూడుతుంది. ముందు నీటి నడక తగ్గించాలి. అదీ పై నుంచి కిందికి, అదే వరసలో.

గుట్టనీరు చేనులోకి రాకుండా పై హద్దు వెంట ఒక మళ్ళింపు కాలువ తియ్యండి. రెండడుగుల లోతు, అడుగున రెండడుగుల వెడల్పు, పక్కలు ఏటవాలుగా. దాని వాలు 100 మీటర్లకు 20 నుంచి 40 సెంటీమీటర్లు దాటకూడదు. ఎక్కువైతే కాలువే కోసుకుపోయి ఇంకో గండి అవుతుంది. నీరు పక్కనున్న ఒర్రెలో పడే చోట రాళ్ళు పరవాలి.

ఆ తర్వాత చేనులో అడ్డకట్టలు. మూడు శాతం వాలుకు 30 మీటర్లకొకటి చాలు, మీ పొడవుకు ఆరు వస్తాయి. కళ్ళతో చూసి గీత గియ్యొద్దు, సమమట్టం కొలవాలి. ఏడడుగుల వెదురు కర్రలు రెండు పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, కొన నుంచి దారానికి రాయి వేలాడదీయండి. రెండు కాళ్ళు రెండు చోట్ల ఆనించి, అడ్డకర్ర మీద దారం ఎక్కడ పడిందో గీత పెట్టండి. కాళ్ళు తారుమారు చేసి ఇంకో గీత. రెంటి నడిమిదే మట్టం గీత. ఇక చేను ఆ అంచు నుంచి ఈ అంచు దాకా, దారం ఆ గీత మీద పడే చోటల్లా మేకు కొడుతూ పోవడమే.

కట్ట అడుగు ఆరడుగులు, ఎత్తు రెండడుగులు, పైన అడుగుంపావు. వేసేముందు ఆ జాడలో గడ్డీ వేర్లూ తీసి నేలను గీరాలి, లేకుంటే కట్ట కింద నుంచే నీరు కారుతుంది. జేసీబీతో ఒక్కసారే పోస్తే వానకు కూర్చుంటుంది. అందుకే అరడుగు మందం పొరలుగా పోసి తొక్కించాలి, ఎత్తు నాలుగో వంతు ఎక్కువ ఉంచాలి. మట్టి పై వైపు నుంచే తియ్యండి, కానీ కట్టకూ గుంతకూ నడుమ అడుగు నేల వదలాలి. గుంతలు ముక్కలు ముక్కలుగా ఉండాలి. వరసగా తీస్తే అదే కాలువై నీటిని పరిగెత్తిస్తుంది.

ప్రతి కట్టకూ రాళ్ళ మత్తడి (మిగులు నీరు పొర్లిపోయే దారి) కావాలి, నేల నుంచి అడుగు ఎత్తులో. ఎందుకంటే, 30 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు పట్టీలో 50 మి.మీ. వాన పడితే 120 ఘనపు మీటర్ల నీరు. అడుగు ఎత్తు నిలిస్తే మీ వాలులో నీరు వెనక్కు పది మీటర్లు పాకుతుంది, అదీ సుమారు 120 ఘనపు మీటర్లే. అంటే ఆ వాన పూర్తిగా ఆగుతుంది, మిగిలింది మత్తడి దూకుతుంది. మత్తడి లేకుంటే కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ తెగుతుంది, దాని వెనక కిందివన్నీ తెగుతాయి. చెల్క కాబట్టి నిలిచిన నీరు తొందరగానే ఇంకుతుంది. ఇదే పని నల్లరేగడిలో చేస్తే పంట కుళ్ళుతుంది, అక్కడ కొద్ది వాలుతో కట్టలు వేసి నీటిని మెల్లగా బయటికి పంపాలి.

మోదుగుపువ్వు సమాధానం

గెట్టుపని గారు చెప్పిందంతా సరే, కానీ గుట్టను వదిలేస్తే మళ్ళింపు కాలువ ఏటా పూడుతుంది. గుట్ట అటవీ శాఖదా రెవెన్యూదా ముందు తేల్చుకోండి. అనుమతి లేకుండా తవ్వొద్దు. గ్రామసభలో తీర్మానం పెట్టిస్తే ఉపాధి హామీ కింద కందకాలు తవ్వించుకోవచ్చు.

చాలామంది మొక్కలు నాటడంతో మొదలుపెడతారు, అక్కడే తప్పు జరుగుతుంది. బోడిగా కనిపించే గుట్ట కింద మోదుగు, తునికి, సీతాఫలం మొద్దులు ఇంకా బతికే ఉంటాయి. మూడు వానాకాలాలు మేత, నిప్పు, గొడ్డలి ఆపితే ఆ వేర్ల నుంచే చిగుర్లు లేస్తాయి. నర్సరీ మొక్క కంటే అవి తొందరగా ఎదుగుతాయి, వేరు ముందే లోతుగా ఉంటుంది కదా. ఒక్కో మొద్దుకు రెండు మూడు బలమైన చిగుర్లు ఉంచి మిగతావి తియ్యండి. ఫిబ్రవరి రాకముందే గుట్ట చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి గీరి నిప్పు అంటకుండా చెయ్యాలి.

మేకలవాళ్ళతో మాట్లాడకుండా గుట్ట మొత్తం మేతకు మూసేస్తే అది నెల కూడా నిలవదు. సగం గుట్టే మూయండి, మూసిన భాగంలో గడ్డి కోసుకుపోవడానికి ఒప్పుకోండి. మూడేళ్ళకు రెండో సగం.

కందకాలు అడ్డంగా, నాలుగు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. ఒకటి నిండితే వెయ్యి లీటర్లు. పై వరస ఖాళీకి కింది వరస కందకం ఎదురు రావాలి. చెట్టు వేరున్న చోట, బండ ఉన్న చోట తవ్వొద్దు, అక్కడ రాళ్ళు వరసగా పేర్చండి. తీసిన మట్టి కింది వైపు వేసి దాని మీద వేప, కానుగ, సీతాఫలం గింజలు విత్తండి. వేపగింజ రెండు మూడు వారాలకే మొలకశక్తి పోగొట్టుకుంటుంది, పండు రాలగానే గుజ్జు కడిగి వెయ్యాలి. పాలమూరులో బాలానగర్ సీతాఫలం ఎందుకు అంత విరివిగా నిలిచిందంటే, నీళ్ళడగదు, మేక ముట్టదు.

ఒర్రెలో వదులు రాళ్ళ కట్టలు వేస్తే నడిమి భాగం అంచుల కంటే అడుగు తగ్గించండి, రెండు చివరలూ గట్టులోకి అడుగున్నర దూర్చండి. ఇది మరిచిపోతే నీరు కట్టను వదిలి పక్క గట్టును కోస్తుంది. పై కట్ట అడుగు, కింది కట్ట నడిమి ఎత్తు ఒకే మట్టంలో ఉంటే దూరం సరిపోయినట్టే.

దుబ్బచెల్క

మంచిగ అర్థమైంది, చాలా థ్యాంక్స్. కట్టలైనంక వచ్చే ఎండాకాలం మన్ను తోలుత అనుకుంటున్న. ఎకరానికి ఎన్ని ట్రిప్పులు? కుంట 10 x 10 x 2.5 మీటర్లయితే రెండున్నర లక్షల లీటర్లు పడ్తయి కదా?

నీళ్ళలెక్క సమాధానం

పట్టవు. పక్కలు నిట్టనిలువుగా తీస్తే చెల్కలో కూలిపోతాయి. ఒకటికి ఒకటి వాలుతో తీస్తే అడుగు 5 x 5 మీటర్లే మిగులుతుంది, పట్టేది సుమారు లక్షా 46 వేల లీటర్లు. పైగా మొరం నేలలో అడుగున ప్లాస్టిక్ పరదా వెయ్యకుంటే నీరు కొద్ది రోజుల్లోనే ఇంకిపోతుంది. మీ బోరుకు ఎగువనే కుంట ఉంటే ఆ ఇంకిన నీరు బోరుకు పనికొస్తుంది కాబట్టి అదీ మంచిదే, పరదా మానెయ్యండి. పంటకు తడి ఇవ్వాలంటే 500 మైక్రాన్ల పరదా. రెండింటికీ నీరు వచ్చే దారిలో మట్టి ఆగే చిన్న గుంట తప్పనిసరి, ప్రతి పెద్దవాన తర్వాత అది ఎత్తిపొయ్యాలి.

మన్ను సంగతి. ఎకరమంతా అంగుళం మందం పరవాలంటే సుమారు 100 ఘనపు మీటర్లు, వంద ఘనపుటడుగుల ట్రాలీ అయితే 36 ట్రిప్పులు. మొరం తేలిన పై సగానికే ముందు తోలండి. చెరువులో ఎక్కడ పడితే అక్కడ తియ్యొద్దు. తడిపి చేతిలో తాడులా పేనండి, తెగకుండా సాగితే పనికొస్తుంది, పొడిపొడిగా విరిగితే అది ఇసుకే. తెల్లగా ఉప్పు పూసిన చోటు వదిలెయ్యండి, ఉదజని సూచికకూ (pH) లవణాలకూ పరీక్ష చేయించాకే తోలండి. ఏప్రిల్, మే నెలల్లో పరిచి ఎండనిస్తే గడ్డలు మొదటి వానకు విచ్చుకుంటాయి, అప్పుడు వాలుకు అడ్డంగా దున్ని కలపాలి.

బోరు మీద ఒక్క మాట. మన నల్లగొండ గ్రానైట్ రాయిలో ఎంత లోతుకు పోతే అంత నీళ్ళుంటాయన్న నమ్మకం లేదు, ఫ్లోరైడ్ మాత్రం పెరగొచ్చు. బోరు నింపాలని మందులు కొట్టిన చేనునీరు నేరుగా కేసింగు పైపులోకి వదలకండి, పక్క ఇళ్ళవాళ్ళు తాగేదీ అదే నీరు.

మందగొర్లు సమాధానం

పత్తి మీద పత్తి ఆపున్రి అన్నా. ఒక ఏడు రెండు సాళ్ళు జొన్న, ఒక సాలు కంది వెయ్యున్రి. కంది ఆకు రాలి నేలకే పోతది, జొన్న చొప్ప పశువులకైతది. పత్తికట్టె కాలబెట్టకున్రి, ముక్కలు చేసి దున్నితే మెల్లగనన్న మట్టిల కలుస్తది. ఎండాకాలం గొర్లమంద పెట్టిచ్చున్రి, రోజుకో చోటికి మంద జరపాలె. తెల్లారి ఎండ ఎక్కకముందే పైపైన దున్నాలె, లేకుంటే మూత్రంల సత్తువ గాలికి పోతది. గెట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు మూడడుగులవి నాటి, రొట్ట కోసి చేన్ల తొక్కియ్యున్రి. నీలగిరి మాత్రం గెట్టు మీద పెట్టొద్దు, పక్క సాళ్ళ తడి అది గుంజుకుంటది.

గెట్టుపని

ఇంకోటి మరిచాను. కట్టలు వేశాక మొదటి గట్టి వానలో పార పట్టుకుని చేను చుట్టూ తిరగండి. నీరు ఎక్కడ కట్ట అంచు దాకా వచ్చిందో, ఎక్కడ ఎలుక బొక్కలో దూరుతుందో అప్పుడే కనిపిస్తుంది. ఆ చోట కర్ర పాతి, వాన వెలిసిన వెంటనే మట్టి వేసి తొక్కండి. రెండో వాన దాకా ఆగితే ఆ బొక్కే గండి అవుతుంది.