బ్యాకప్ మధ్యలోనే ఆగిపోతోంది, డిస్క్ టిక్ టిక్‌మంటోంది

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి):
ఇంట్లో విండోస్ 11 డెస్క్‌టాప్ ఉంది. ఫైల్ హిస్టరీ గంటకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేలా పెట్టాను. ఉగాది దాకా బాగానే నడిచింది. ఇప్పుడు ఫోటోలు ఎక్కుతున్నాయి కానీ, పెద్ద వీడియోల దగ్గరికొచ్చేసరికి డ్రైవ్ మళ్లీ కనెక్ట్ చేయమంటోంది. అప్పుడు డిస్క్ లైటు ఆరిపోయి, లోపల టిక్ టిక్‌మని శబ్దం వచ్చి మళ్లీ వెలుగుతుంది. నాన్నగారు గుడిలో భాగవతం చెప్పిన వీడియోలు అందులో ఉన్నాయి. సిస్టమ్‌లో జాగా లేక పాతవి డిస్క్‌లోనే ఉంచాం. ఆయన ఇప్పుడు లేరు. చాలా టెన్షన్‌గా ఉందండీ. ఫార్మాట్ చేస్తే బాగవుతుందా?

జవాబు:
స్లీప్ సెట్టింగ్ చూడండి, సిస్టమ్ నిద్రపోతే బ్యాకప్ ఆగుతుంది. డిస్క్ ఫ్యాట్32 (ఫైళ్లు దాచే ఒక పాత పద్ధతి)లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అదీ చూడండి.

ఇంకో జవాబు (దిల్‌సుఖ్‌నగర్):
ఫార్మాట్ మాటే ఎత్తకండి! స్లీప్ అయితే మీరు ఎదురుగా కూర్చుని ఉండగా ఆగదు. ఫ్యాట్32 అయితే లైటు ఆరదు. లైటు ఆరి టిక్కుమంటోందంటే డిస్క్‌కి కరెంటు చాలడం లేదు, లేదా డిస్కే పాడవుతోంది. ఏదో తేలేదాకా ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేయండి.

కేబినెట్ ముందు పోర్టుకి పెట్టారా? ఈ చిన్న డిస్కులకు వేరే అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ నుంచే కరెంటు. 2.0 పోర్టు ప్రమాణం 500 మిల్లీయాంపులే, 3.0 అయితే 900. వెనక మదర్‌బోర్డు మీదున్న నీలం రంగు 3.0 పోర్టుకి, పొట్టి కేబుల్‌తో నేరుగా పెట్టండి. హబ్ వద్దు. పెట్టగానే నాన్నగారి పాత వీడియోలు ఒక్కో ఫోల్డరూ వేరే చోటికి తీసుకోండి. ఒక్క చోటే ఉన్నది బ్యాకప్ కాదండీ, అదే అసలు. మిగతావన్నీ ఆ తర్వాతే. అప్పుడు డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి, పసుపు రంగులో 'కాషన్' అని ఉంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకండి.

ప్రశ్న వేసినవారు:
వెనక పోర్టుకి మార్చాక లైటు ఆరడం లేదండీ. పాతవన్నీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాయి. గజేంద్ర మోక్షం ఒక్కటి సగంలో ఆగి, మళ్లీ పెడితే వచ్చింది. కానీ రంగు మాత్రం పసుపే. శనివారం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్తున్నాను. 2 టీబీది ఒకటి కొనాలా, 1 టీబీవి రెండా?

దిల్‌సుఖ్‌నగర్:
రెండు కొనండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి తమ్ముడి ఇంట్లో ఉండాలి. ఆగి వచ్చిన ఆ గజేంద్ర మోక్షం మాత్రం చివరిదాకా ప్లే చేసి చూశాకే పాత డిస్క్ పక్కన పెట్టండి.