ఆటిజం ఉన్న బాబు బడిలో బుద్ధిగా ఉంటాడట, ఇంటికొచ్చాక ఒకటే ఏడుపు. అక్కడ ఏం జరుగుతోందో తెలిసేదెలా?

మూడో తరగతి అమ్మ:
బాబు బాగానే మాట్లాడతాడు. టీచరేమో "ఏ ఇబ్బందీ లేదండీ" అంటారు. సాయంత్రం గుమ్మం దాటగానే బూట్లు విసిరేసి, చెవులు మూసుకుని గంటసేపు ఏడుస్తాడు. "ఏమైంది నాన్నా?" అంటే "ఏం లేదు" అంటాడు. బడిలో సంగతి ఎలా తెలుసుకోవాలి? వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే బడిలో పనికొస్తుందా?

స్పెషల్ ఎడ్యుకేటర్:
మీరు చెప్పేదీ నిజమే, టీచర్ చెప్పేదీ నిజమే. పగలంతా బిగబట్టుకున్న పిల్లలు భయం లేని చోటే బయటపడతారు.

"ఏమైంది?" అనేది ఈ పిల్లలకి చాలా పెద్ద ప్రశ్న. ఆదివారం పొద్దున ఒక కాగితం మీద బడి బొమ్మ గీయండి: గేటు, ప్రేయర్ గ్రౌండ్, మెట్లు, క్లాసు, బాత్రూమ్, అన్నం తినే చోటు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు స్టిక్కర్లు ఇచ్చి, బాగుండే చోట ఆకుపచ్చ, ఫర్వాలేదనిపించే చోట పసుపు, అస్సలు నచ్చని చోట ఎరుపు అంటించమనండి. ఎరుపు పడ్డ చోటు గురించి మాత్రమే అడగండి: చప్పుడా, వాసనా, తోపులాటా, ఏం చెయ్యాలో తెలియకా? వారం తర్వాత మళ్లీ చేయించండి. రెండుసార్లూ ఎరుపు పడ్డ చోటు నుంచి మొదలుపెట్టండి. కొందరు అమ్మ సంతోషం కోసం అన్నీ ఆకుపచ్చే అంటిస్తారు. అప్పుడు చోట్లను నచ్చిన వరుసలో పేర్చమనండి, చివరికి నెట్టినదేదో చూడండి.

వాటర్ బాటిల్, టిఫిన్ బాక్స్‌లో ఎంత మిగిలిందో కూడా రోజూ చూడండి.

ప్రైమరీ టీచర్:
టీచర్‌ని "ఎలా ఉన్నాడు?" అని అడిగితే "బాగున్నాడు" అనే వస్తుంది. రెండు వారాలకి ఒక కాగితం ఇవ్వండి: ఏ పీరియడ్, అంతకుముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, తర్వాత ఏమైంది. రోజుకి ఒక్క లైను చాలు. మైకు, లాంగ్ బెల్, వేరే టీచర్ రావడం, యాన్యువల్ డే ప్రాక్టీసుకి టైమ్‌టేబుల్ మారడం... ఎక్కువగా ఇవే తేలతాయి. ఇంటర్వెల్‌ని తేలిగ్గా తీసుకోకండి. పాఠానికి ఒక పద్ధతుంటుంది, ఆటకి ఆ పద్ధతి పిల్లలు నిమిషానికోసారి మార్చేస్తారు.

బ్రేక్ కార్డు బాగా పనిచేస్తుంది: కార్డు చూపిస్తే 5 నిమిషాలు ముందే అనుకున్న చోట కూర్చోవచ్చు. "బుద్ధిగా ఉంటేనే ఇస్తా" అన్నారంటే, అవసరమైన రోజునే అది చేతిలో ఉండదు. చూపించిన ప్రతిసారీ పంపాలి.

సర్టిఫికెట్ సంగతి తెలిసినవారు:
ఇలాంటి చిన్న సర్దుబాట్లకి సర్టిఫికెట్ దాకా ఆగనక్కర్లేదు. కానీ పరీక్షలకి కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 17వ సెక్షన్‌లో పరీక్షకి అదనపు సమయం, స్క్రైబ్ (బాబు చెబుతుంటే రాసిపెట్టే మనిషి), రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఉన్నాయి. సీబీఎస్‌ఈలో గంటకి 20 నిమిషాల చొప్పున, 3 గంటల పేపరుకి ఇంకో గంట ఇస్తారు. యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పదో తరగతి దాకా ఆగకండి. ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) అడగండి.

మూడో తరగతి అమ్మ:
బాటిల్ చూశానండీ. రోజూ నిండుగానే తిరిగొస్తోంది.

స్పెషల్ ఎడ్యుకేటర్:
అయితే ముందు బాత్రూమ్ సంగతి చూడండి. అక్కడికి వెళ్లలేని పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, దాహం, బిగబట్టుకోవడం కలిసి సాయంత్రానికి చిరాకు ఇంకా పెరుగుతుంది. ఇంటర్వెల్ గుంపులో కాకుండా, బెల్లుకి 10 నిమిషాల ముందే పంపమని అడగండి. గడియ పడుతోందా, ఫ్లష్ చప్పుడు ఎంత, లోపల చీకటా, మీరే ఒకసారి వెళ్లి చూడండి.