కరెంటు పెడుతున్నారు, నాన్న పళ్ళ సెట్టు తీయనంటున్నారు

ప్రశ్న: అక్కలూ, అన్నలూ, మా నాన్నకు 68 ఏళ్ళు. బుగ్గ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. 30 సిట్టింగుల్లో 11 అయ్యాయి. పైనా కిందా కట్టుడు పళ్ళే. నోరంతా ఎర్రబడి మంటగా ఉందంటున్నారు, అయినా సెట్టు తీయరు. చుట్టాలు వస్తారు, బోసినోటితో ఎలా కూర్చోమంటావంటారు. ఏం చేయను?

జవాబు: చెల్లెమ్మా, మా మామయ్యగారూ అంతే. తలుపు చప్పుడైతే చాలు, సెట్టు నోట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు టార్చి వేసి చూస్తే కింది చిగురు మీద బియ్యపు గింజంత పుండు. నేను వణికిపోయాను. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తం సరిగా అందదు. చిన్న ఒరిపిడి పుండు కూడా మానకుండా ఎముక దాకా వెళ్ళొచ్చు. ముఖ్యంగా కింది దవడకు ఈ భయం ఏళ్ళ తరబడి ఉంటుంది. పైగా లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి సెట్టు పొడి చిగురు మీద గీరుతుంది. నోరు ఇలా మండుతున్నప్పుడు తీసేయడమే మంచిది. రాత్రిపూట అసలు వద్దు.

లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయమనండి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలపాలి. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ మంట పెంచుతుంది. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, వెంటనే డాక్టర్‌కు చూపించండి. సెట్టుకు కూడా ఫంగస్ పడుతుంది. అది శుభ్రం కాకపోతే మందు వాడినా మళ్ళీ వస్తుంది.

సెట్టును మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్ళతో తోమి, మామూలు నీళ్ళలో మునిగేలా ఉంచండి. ఎండిపోతే వంకర పోతుంది. మరిగే నీళ్ళు పోసినా అంతే. తోమేటప్పుడు కింద నీళ్ళ టబ్బు పెట్టుకోండి, జారినా పగలదు. ఇంకొకటి, కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు తయారుచేసిన రోజు సెట్టు ఉందా, తీసేశారా అని టెక్నీషియన్‌ను అడగండి. ప్రతి సిట్టింగుకూ అలాగే వెళ్ళాలి.

ప్రశ్న: తీసే చేశారట అక్కా. మరి మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవచ్చు?

జవాబు: పుండ్లన్నీ మాని, డాక్టర్ సరేనన్నాకే. నెలలు పట్టొచ్చు. అప్పటికి చిగుళ్ళు మారి పాత సెట్టు వదులైతే ఇంట్లో గమ్ముతో అతికించొద్దు, ఆకురాయితో అరగదీయొద్దు. దంతవైద్యుడికి మొదటి మాటగా దవడకు రేడియేషన్ అయిందని చెప్పండి, ఏళ్ళు గడిచినా సరే. చుట్టాల సంగతంటారా, మేం కొన్నాళ్ళు ఇంటికి రావద్దు, ఫోన్ చేయండని అందరికీ మెసేజ్ పెట్టాం. మామయ్యగారు ఆ రోజే సెట్టు తీసి నా చేతికిచ్చారు.